విమానంలో నాలుగు కాళ్ళ తోడు

కుక్క విమానంలో ప్రయాణం చేయవచ్చునా? ఈ ప్రశ్నను ఏ తరగతిలో అడిగినా ముందుగా నవ్వులే వినిపిస్తాయి. బస్సులోకి కోడిని తెస్తేనే కండక్టరు కసురుకుంటాడు, విమానంలోకి కుక్కను రానిస్తారా అని ఎవరో ఒకరు అడుగుతారు. నిజానికి రానిస్తారు. సామాను గదిలోకే కాదు, మనుషులు కూర్చునే చోటికే రానిస్తారు. కొన్ని కుక్కలకైతే టిక్కెట్టు కూడా అక్కరలేదు. అయితే అన్ని కుక్కలకూ ఈ గౌరవం దక్కదు. ఎవరికి దక్కుతుంది, ఎందుకు దక్కుతుంది అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

మా తగరపువలస నుంచి జాతీయ రహదారి మీద శ్రీకాకుళం వైపు వెళితే భోగాపురం వస్తుంది. అక్కడ అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగింది. విమానం అనేది ఇప్పుడు మన ప్రాంతపు పిల్లలకు ఆకాశంలో కనిపించే తెల్లని గీత మాత్రమే కాదు. రేపో మాపో తాము కూడా ఎక్కబోయే వాహనం. కనుక విమానంలో ఎవరెవరు, ఏయే హక్కులతో ప్రయాణం చేస్తారో తెలుసుకోవడం మంచిది.

మూడు రకాల జంతువులు

విమానమెక్కే జంతువులను మూడు రకాలుగా విభజించవచ్చు.

మొదటిది పెంపుడు జంతువు. యజమానికి దాని మీద ప్రేమ. అందుచేత తనతో తీసుకువెళతాడు. దానికి రుసుము చెల్లించాలి.

రెండవది సేవా జంతువు. చూపు లేనివారికి దారి చూపే కుక్క, వినికిడి లేనివారికి గంట మోగిందని తట్టి చెప్పే కుక్క, చక్రాల కుర్చీలో వున్నవారికి కింద పడిన వస్తువును అందించే కుక్క ఈ తెగకు చెందుతాయి. ఇవి ఒక నిర్దిష్టమైన పనిలో శిక్షణ పొందినవి.

మూడవదాన్ని ఇంగ్లీషులో ఎమోషనల్ సపోర్ట్ యానిమల్ అంటారు. మనం దాన్ని ఊరట జంతువు అని పిలుచుకుందాం. మనసు బాగాలేనివారికి, తీవ్రమైన బెంగతో బాధపడేవారికి అది పక్కన వుంటే ధైర్యంగా వుంటుంది. కాని దానికి ప్రత్యేకమైన శిక్షణ ఏదీ వుండదు. పక్కన వుండడమే దాని పని.

ఈ మూడింటికీ మధ్య గల తేడాను గుర్తు పెట్టుకోండి. ముందు ముందు పెద్ద తగాదా అంతా ఈ తేడా దగ్గరే వచ్చింది.

పార్సెల్‌గా వెళ్ళిన మనిషి

మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల వల్ల, గాయాల వల్ల ఎందరో సైనికులు చూపు కోల్పోయారు. వారికి సాయపడడం కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ పట్టణంలో కుక్కలకు దారి చూపే విద్య నేర్పే పాఠశాల ప్రారంభమైంది. ఆ పద్ధతిని చూసి ముచ్చటపడిన అమెరికా వనిత డొరొతీ యూస్టిస్ 1927లో ఒక పత్రికలో వ్యాసం రాసింది. అప్పటికి ఆమె స్విట్జర్లాండ్‌లో కుక్కల శిక్షణశాల నడుపుతున్నది.

అమెరికాలోని నాష్‌విల్ నగరంలో మోరిస్ ఫ్రాంక్ అనే యువకుడు ఆ వ్యాసాన్ని చదివించుకుని విన్నాడు. అతనికి చూపు లేదు. తనకూ అటువంటి కుక్క కావాలని ఉత్తరం రాయించాడు. రమ్మని జవాబు వచ్చింది. కాని చూపు లేని మనిషి ఒంటరిగా సముద్రం దాటి వెళ్ళడమెలా? ఆ రోజుల్లో అతన్ని ఒక రవాణా సంస్థ ద్వారా పార్సెల్ పంపినట్లు పంపారు. ఓడలో అతని గది తలుపు బయట తాళం వేసేవారు. ఎవరైనా వచ్చి తీసుకువెళ్ళినప్పుడే డెక్కు మీదికి పోవాలి.

1928లో అతడు తిరిగి వచ్చేటప్పుడు పక్కన బడ్డీ అనే జర్మన్ షెపర్డ్ కుక్క వుంది. న్యూయార్కులో వాహనాలు విరగబడి తిరిగే వీధిని విలేఖరులు చూస్తూ వుండగా బడ్డీ సాయంతో దాటాడు. 1929 జనవరి 29న 'సీయింగ్ ఐ' అనే సంస్థ వెలసింది. ఆ పేరుకు 'చూసే కన్ను' అని అర్థం.

అయితే కుక్క దొరికినంత మాత్రాన కష్టాలు తీరలేదు. రైలులో రానివ్వరు, హోటల్లో రానివ్వరు. కుక్కను బయట కట్టేయమంటే చూపు లేని మనిషి కన్ను పీకి బయట పెట్టమన్నట్లే కదా! ఫ్రాంక్ ఊరూరా తిరిగి వాదించాడు. 1935 నాటికి అమెరికాలోని రైళ్ళన్నీ ఇటువంటి కుక్కలను యజమాని దగ్గరే వుండనిచ్చాయి. 1938లో యునైటెడ్ విమాన సంస్థ ప్రయాణికుల గదిలోకి వీటిని అనుమతించింది. ముసలిదైపోయిన బడ్డీ ఆ సంవత్సరమే యజమానితో విమానం ఎక్కింది. ఆ తరువాత కొద్ది రోజులకే కన్ను మూసింది.

పదేళ్ళ కిందట పార్సెల్‌గా వెళ్ళిన మనిషి పదేళ్ళ తరువాత ప్రయాణికుడుగా, తన కుక్కతో సహా, విమానంలో కూర్చున్నాడు. సేవా శునకానికి విమానంలో చోటు ఇవ్వడమంటే కుక్కను గౌరవించడం కాదు, ఆ మనిషిని గౌరవించడమని దీనివల్ల తెలుస్తుంది.

కుక్క తోకా? గోదావరా?

'కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదినట్లు' అని మనకు సామెత. నమ్మదగని ఆధారాన్ని నమ్ముకోవడమని దాని భావం. మరి కుక్క మెడపట్టీ పట్టుకుని రద్దీ రోడ్డు దాటేవారు దేన్ని నమ్ముకుంటున్నారు? శిక్షణను నమ్ముకుంటున్నారు.

దారి చూపే కుక్కలుగా ఎక్కువగా లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ జాతులను ఎంచుకుంటారు. పిల్లగా వున్నప్పుడు ఒక కుటుంబంలో పెంచుతారు. జనం, చప్పుడు, బస్సు, బజారు అన్నీ అలవాటు చేస్తారు. సుమారు ఏడాది దాటాక శిక్షణశాలకు పంపి కొన్ని నెలలపాటు విద్య నేర్పుతారు. చివరకు యజమానితో జతచేసి ఇద్దరికీ కలిపి కొన్ని వారాలు పాఠం చెబుతారు. చేరిన కుక్కలన్నీ ఉత్తీర్ణం కావు. ఉడతను చూసి పరుగెత్తేది, టపాకాయ చప్పుడుకు బెదిరేది పరీక్షలో తప్పుతుంది.

రోడ్డు మీద ఎర్ర దీపం, పచ్చ దీపం చూసి కుక్క దాటిస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మన కంటిలో రంగులను గుర్తించే శంకు కణాలు మూడు రకాలుంటే కుక్క కంటిలో రెండు రకాలే వుంటాయి. నీలం, పసుపు రంగులను అది బాగా గుర్తిస్తుంది. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా దానికి సరిగా తెలియదు. కనుక ఎప్పుడు దాటాలో వాహనాల చప్పుడు విని యజమానే నిర్ణయిస్తాడు. 'పద' అంటాడు. కాని ఆ క్షణంలో ఒక కారు దూసుకువస్తూ వుంటే కుక్క కదలదు! యజమాని ఆజ్ఞను ధిక్కరించి అక్కడే నిలుచుంటుంది. దీన్ని వివేకంతో కూడిన అవిధేయత అనవచ్చు. మాట వినడం నేర్పడం సులువు. ఎప్పుడు వినకూడదో నేర్పడం చాలా కష్టం. శిక్షణలోని అసలు రహస్యం అదే.

కుక్క చెవి సుమారు 45,000 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం వరకు గల ధ్వనులను వినగలదు. మనకు 20,000 దాటితే వినిపించదు. మన ముక్కులో వాసనను పట్టే గ్రాహక కణాలు సుమారు 50, 60 లక్షలుంటే కుక్క ముక్కులో 20 కోట్లకు పైగా వుంటాయి. ఈ శక్తిని ఆధారం చేసుకునే రక్షణ పనుల్లో కుక్కలను వినియోగిస్తారు. 2023 ఫిబ్రవరి 6న టర్కీలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు మన జాతీయ విపత్తు స్పందన దళం తన కుక్కలను కూడా వాయుసేన విమానాలలో అక్కడికి తీసుకువెళ్ళింది. రోమియో, జూలీ అనే రెండు కుక్కలు శిథిలాల కింద ప్రాణాలతో వున్న ఆరేళ్ళ పాపను కనిపెట్టాయి. ఆ విమానంలో అవి పెంపుడు జంతువులుగా వెళ్ళలేదు. దళంలోని సభ్యులుగా వెళ్ళాయి.

ఆకాశంలో ఊపిరి

ఇప్పుడు విమానం లోపలికి వద్దాం. విమానంలో కుక్క శరీరానికి ఏం జరుగుతుంది?

సముద్రమట్టం దగ్గర, అంటే భీమిలి బీచిలో నిలుచున్నప్పుడు, మన మీద వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్ల పాదరస మట్టానికి సమానం. పైకి పోయిన కొద్దీ ఇది తగ్గుతుంది. విమానాలు ఎగిరే 11,000 మీటర్ల ఎత్తులో సుమారు 170 మిల్లీమీటర్లే వుంటుంది. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 56 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పడిపోతుంది. అక్కడ మనిషీ బ్రతకడు, కుక్కా బ్రతకదు. అందుకని విమానం లోపలికి గాలిని ఒత్తిడితో పంపుతారు.

అయితే లోపల భీమిలి బీచిలో వున్నంత పీడనం వుండదు. అంత పీడనం నిలపాలంటే విమానం గోడలు ఇంకా మందంగా, బరువుగా వుండాలి. కనుక సాధారణంగా 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున వుండే పీడనానికి సరిపెడతారు. మన తూర్పు కనుమల్లోని అత్యున్నత శిఖరాలు కూడా 1,700 మీటర్లకు మించవు. అంటే విమానంలో కూర్చున్న ప్రయాణికుడు, పీడనం లెక్కన చూస్తే, అరకు కొండలన్నింటికంటే ఎత్తున కూర్చున్నట్లే!

లెక్క వేసి చూడండి. గాలిలో ఆక్సిజన్ వంతు ఎక్కడైనా 21 శాతమే. సముద్రమట్టం దగ్గర ఆక్సిజన్ పీడనం 760లో 21 శాతం, సుమారు 160 మిల్లీమీటర్లు. 2,400 మీటర్ల ఎత్తుకు సమానమైన చోట మొత్తం పీడనం సుమారు 565. అందులో 21 శాతం అంటే సుమారు 119. ఆరోగ్యవంతుడైన మనిషికి, ఆరోగ్యమైన కుక్కకు ఇది చాలు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు వున్నవారికి ఇబ్బంది కావచ్చు. జంతువుకు కూడా ప్రయాణానికి ముందు పశువైద్యుని ధ్రువపత్రం అడగడానికి ఇదొక కారణం.

ఘాట్ రోడ్డు మీద అరకు వెళ్ళేటప్పుడు మీకు చెవులు దిబ్బడ వేసే వుంటాయి. కర్ణభేరికి బయట పీడనం మారింది, లోపల ఇంకా మారలేదు. యూస్టేషియన్ నాళం తెరుచుకుని రెండు వైపులా సమానం చేస్తే దిబ్బడ వదులుతుంది. మనం గుటక వేస్తాం, ఆవలిస్తాం. కుక్కకు కూడా ఈ నాళం వుంది. విమానం దిగేటప్పుడు నమలడానికి ఏదైనా ఇస్తే దాని చెవులు కూడా సర్దుకుంటాయి.

మీరు అరకు వెళితే ఒక ప్రయోగం చేయండి. సిమిలిగూడ రైల్వే స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున వుంది. అక్కడ ఖాళీ ప్లాస్టిక్ నీళ్ళ సీసాకు మూత గట్టిగా బిగించండి. విశాఖపట్నం చేరాక చూడండి. సీసా లోపలికి నొక్కుకుపోయి వుంటుంది. ఎవరు నొక్కారు? మీకే తెలుస్తుంది.

సామాను గదిలో ప్రమాదం

పెద్ద పెంపుడు కుక్కలను సాధారణంగా పెట్టెలో వుంచి కింద సామాను గదిలో పంపుతారు. అక్కడ గాలి వుండదేమోనని చాలామందికి అనుమానం. పెద్ద ప్రయాణికుల విమానాలలో సామాను గది కూడా పీడనం గల భాగంలోనే వుంటుంది. అందులో జంతువు వున్నదని పైలట్‌కు ముందే తెలియజేస్తారు. అసలు ప్రమాదం ఆకాశంలో కంటే నేల మీదే ఎక్కువ. మండుటెండలో విమానం పక్కన పెట్టె నిరీక్షించే సమయమే గండం.

ఎందుకంటే కుక్కకు మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు. దాని చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల అడుగున వుంటాయి. ఒంటి వేడిని తగ్గించుకోవడానికి అది నాలుక చాచి వగరుస్తుంది. నిమిషానికి ఇరవై, ముప్పై సార్లు తీసే ఊపిరి 300 సార్ల దాకా పెరుగుతుంది. నాలుక మీది తడి ఆవిరి అవుతూ వేడిని తీసుకుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది, బాష్పీభవనం.

కాని గాలిలో ఇప్పటికే తేమ నిండి వుంటే బాష్పీభవనం మందగిస్తుంది. మే నెలలో విశాఖ తీరంలో ఉక్కపోత మీకు తెలిసిందే. ఆ ఉక్కలో కుక్క ఎంత వగర్చినా ప్రయోజనం తక్కువ. దాని సహజ ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల సెంటీగ్రేడు. అది 41 దాటితే ప్రాణాపాయం. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు శ్వాసమార్గం ఇరుకు. అవి వగర్చడం మరీ కష్టం. అందుకే చాలా విమాన సంస్థలు చప్పిడి ముక్కు జాతులను సామాను గదిలో తీసుకువెళ్ళవు. భయపడకుండా నిద్రమందు ఇద్దామని కొందరు యజమానులు అనుకుంటారు. పశువైద్యులు సాధారణంగా వద్దంటారు. మందు రక్తపోటును, తూలకుండా నిలబడే శక్తిని దెబ్బతీస్తుంది. పెట్టెలో దాని అవస్థ చూసేవారు ఎవరూ వుండరు.

దీనికి కూడా ప్రయోగం వుంది. రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టండి. రెండింటినీ గాలి తగిలే చోట వేలాడదీసి పది నిమిషాల తరువాత చూడండి. తడి థర్మామీటరు తక్కువ చూపుతుంది. డిసెంబరులో పొడి గాలి వీచే రోజున ఒకసారి, వర్షాకాలంలో ముసురు పట్టిన రోజున ఒకసారి ఈ తేడా నమోదు చేయండి. ఏ రోజున తేడా తక్కువో ఆ రోజు కుక్కకు కష్టమైన రోజు.

ఊరట నిజమే, కాని...

ఇక ఊరట జంతువు సంగతి. జంతువును నిమిరితే మనసు కుదుటపడుతుందన్నది వట్టి మాట కాదు. 2015లో జపాన్ శాస్త్రజ్ఞులు కుక్కా యజమానీ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరగడాన్ని గమనించారు. తల్లికీ బిడ్డకూ మధ్య అనుబంధాన్ని పెంచే హార్మోను అదే. విమానమంటే గుండె దడదడలాడేవారికి ఒళ్ళో చిన్న కుక్కపిల్ల వుంటే ధైర్యం కలగడంలో ఆశ్చర్యం లేదు.

అమెరికాలో 1986లో వికలాంగుల విమాన ప్రయాణ హక్కుల కోసం ఒక చట్టం వచ్చింది. దాని కింద చేసిన నియమాలలో, మనోవైద్యుని ఉత్తరం వుంటే ఊరట జంతువును కూడా రుసుము లేకుండా ప్రయాణికుల గదిలోకి తీసుకుపోవడానికి వీలు కలిగింది. ఉద్దేశం మంచిదే. కాని ఉత్తరం తేలికగా దొరికే వస్తువైపోయింది. డబ్బు పుచ్చుకుని ఉత్తరాలు ఇచ్చే వ్యాపారం పుట్టుకువచ్చింది. రుసుము తప్పించుకోవడానికి మామూలు పెంపుడు జంతువులకే ఈ పేరు పెట్టారు. పందులు, బాతులు, పిట్టలు విమానమెక్కజొచ్చాయి. 2018 జనవరిలో అమెరికాలోని నెవార్క్ విమానాశ్రయానికి ఒక ప్రయాణికురాలు డెక్స్‌టర్ అనే నెమలితో వచ్చింది. విమాన సంస్థ ఎక్కనివ్వలేదు. లోకమంతా నవ్వుకుంది.

నవ్వుకోవలసిన విషయం కాదిది. శిక్షణ లేని జంతువు ఇరుకైన చోట, కొత్త చప్పుళ్ళ మధ్య బెదిరిపోతుంది. 2017 జూన్‌లో అట్లాంటా నగరంలో విమానం బయలుదేరక ముందే ఊరట కుక్క ఒకటి పక్క సీటు ప్రయాణికుణ్ణి ముఖం మీద కరిచి తీవ్రంగా గాయపరిచింది. 2016 తరువాత తమ విమానాలలో జంతువుల వల్ల వచ్చిన గొడవలు 84 శాతం పెరిగాయని డెల్టా సంస్థ 2018లో ప్రకటించింది. అన్నిటికంటే ఎక్కువ నష్టపోయినవారు ఎవరు? నిజంగా కుక్క అవసరమైనవారు. వారి కుక్కను చూసినా 'ఇది కూడా దొంగ ఉత్తరమేనేమో' అన్న అనుమానం మొదలైంది.

చివరకు అమెరికా రవాణా శాఖ నియమాన్ని మార్చింది. 2021 జనవరి 11 నుంచి విమానాలలో సేవా జంతువు అంటే కుక్క మాత్రమే. అదీ, అంగవైకల్యం గల వ్యక్తి కోసం ఒక పని చేయడానికి ప్రత్యేకంగా శిక్షణ పొంది వుండాలి. ఊరట జంతువును మామూలు పెంపుడు జంతువు కిందనే లెక్క కట్టవచ్చు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. మనోవ్యాధి గలవారికి హక్కు పోలేదు. యజమానికి భయంతో వణుకు పుట్టే లక్షణాన్ని పసిగట్టి ఒళ్ళో తల పెట్టి శాంతింపజేయడం, మందు వేళకు తట్టి లేపడం వంటి పనులలో శిక్షణ పొందిన కుక్క అయితే దానికి చోటుంది. జబ్బు కంటికి కనిపించేదా, కాదా అన్నది కొలబద్ద కాదు. కుక్కకు పని వచ్చునా, రాదా అన్నదే కొలబద్ద.

పక్క సీటువారి మాటేమిటి?

కుక్కల ఒంటి నుంచి రాలే పొట్టులో, లాలాజలంలో కొన్ని ప్రోటీన్లు వుంటాయి. కొందరికి అవి పడవు. తుమ్ములు, ఉబ్బసం వస్తాయి. చాలా పెద్ద విమానాలలో గాలిని అతి సూక్ష్మమైన వడపోతల గుండా పంపుతారు. మైక్రాన్‌లో మూడోవంతు పరిమాణం గల కణాలను కూడా 99.97 శాతం వరకు ఇవి పట్టేస్తాయి. అయినా పక్క సీటులోనే వున్నప్పుడు ఇబ్బంది కలగవచ్చు. అప్పుడు ఎవరిని దింపాలి? ఎవరినీ దింపనక్కరలేదు. ఇద్దరినీ దూరదూరంగా కూర్చోబెడితే చాలు. హక్కులు ఢీకొన్నప్పుడు ముందుగా వెతకవలసింది గెలిచేవాణ్ణి కాదు, ఖాళీ సీటును.

మన దేశంలో

మన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నియమాల ప్రకారం అంగవైకల్యం గల ప్రయాణికునితో వచ్చే శిక్షణ పొందిన మార్గదర్శి శునకాన్ని రుసుము లేకుండా ప్రయాణికుల గదిలోనే తీసుకువెళ్ళాలి. పట్టీ, టీకా పత్రం, శిక్షణ పత్రం వుండాలి. కుక్క యజమాని కాళ్ళ దగ్గర నేల మీద పడుకుంటుంది. అత్యవసర ద్వారం పక్క వరుసలో కూర్చోనివ్వరు. ప్రమాద సమయంలో ఆ దారికి అడ్డు వుండకూడదు కదా.

పెంపుడు జంతువుల విషయం వేరు. 1985లో వెలువడిన ఒక సర్క్యులరు ప్రకారం వాటిని తీసుకువెళ్ళాలా వద్దా అన్నది విమాన సంస్థ ఇష్టం. కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఉదాహరణకు ఆకాశ ఎయిర్ 2022 నవంబరు 1 నుంచి పెంపుడు జంతువులను తీసుకువెళ్ళడం ప్రారంభించింది. బరువుకు, పెట్టె కొలతకు ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క లెక్క.

సముద్రాలు దాటేటప్పుడు మరొక ప్రశ్న వస్తుంది. అదే రేబిస్. మన జిల్లాల నుంచి చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా వెళ్ళే కుటుంబాలు ఎన్నో వున్నాయి. అక్కడి కుక్కలలో వ్యాపించే రేబిస్‌ను నిర్మూలించగలిగారు. మన దేశంలో ఆ వ్యాధి ఇంకా వుంది. అందుకని 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలోకి వచ్చే ప్రతి కుక్కకూ కనీసం ఆరు నెలల వయసు, చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్పు వుండాలని నియమం పెట్టారు. మన దేశంలో టీకా వేయించిన కుక్క అయితే దాని రక్తంలో ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకుండా వున్నాయని పరీక్షాపత్రం చూపాలి. లేకపోతే 28 రోజులు విడిగా వుంచుతారు. రేబిస్ వైరస్ కాటు నుంచి నరాల గుండా మెల్లగా మెదడుకు పాకుతుంది. లక్షణాలు బయటపడడానికి వారాలు, నెలలు పడుతుంది. పైకి ఆరోగ్యంగా కనిపించడం ఇక్కడ సాక్ష్యం కాదు. ఈ నియమం విమానంలో వచ్చే సేవా శునకానికి కూడా వర్తిస్తుంది. వైరస్‌కు మెడపట్టీ చదవడం రాదు.

విదేశాల నుంచి మన దేశానికి తెచ్చే జంతువులు కూడా ఎక్కడ పడితే అక్కడ దిగడానికి వీలు లేదు. హైదరాబాదు, చెన్నై వంటి, జంతు క్వారంటైను కార్యాలయం వున్న నగరాల గుండానే రావాలి.

మనం చేయవలసింది

మన దేశంలో దారి చూపే కుక్కలు చాలా స్వల్పం. చూపు లేనివారిలో ఎక్కువమంది తెల్లకర్రతోనే నడుస్తున్నారు. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. సంత రోజున తగరపువలస కూడలిని ఊహించుకోండి. కాలిబాట మీద తోపుడు బండ్లు, దాని పక్కన ఆటోలు, మధ్యలో వీధికుక్కల గుంపు. ఎంత చక్కని శిక్షణ పొందిన కుక్కయినా ఈ గుంపును దాటి యజమానిని నడిపించడం గగనమే. విమానంలో చోటు చట్టం ఇచ్చింది. ఇంటి గుమ్మం నుంచి విమానాశ్రయం దాకా దారి మాత్రం మనం ఇవ్వాలి.

సేవా శునకం ఎప్పుడైనా మీకు ఎదురైతే నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. పనిలో వున్న కుక్కను పిలవకండి, ఈల వేయకండి, నిమరకండి. దాని దృష్టి మరలితే యజమాని అడుగు తప్పుతుంది. బిస్కెట్టు పెట్టకండి. సాయం చేయాలనిపిస్తే కుక్కతో కాదు, మనిషితో మాట్లాడండి. 'నా సాయం ఏమైనా కావాలా అండీ?' అని అడిగి, వారు ఎలా చెబితే అలా చేయండి. అక్కరలేదంటే నొచ్చుకోకండి.

తెల్లకర్రతో వచ్చేవారి విషయంలో కూడా ఇదే పద్ధతి. వారికి కాలిబాట మీద మీ సైకిలు అడ్డంగా నిలబెట్టకుండా వుంటే అదే పెద్ద సాయం. దానికి ఏ శిక్షణాపత్రమూ అక్కరలేదు. రేపు బడికి వచ్చేటప్పుడే మొదలు పెట్టవచ్చు.